డాక్టరు సీటు పరీక్ష, మన మెట్ట పిల్లలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నన్ను దంత సంరక్షణ మీద మాట్లాడమన్నారు. రోజుకి రెండుసార్లు పళ్ళు తోముకోండి, రెండోసారి రాత్రి పడుకోబోయే ముందు తోముకోండి. ఆ ప్రసంగం అయిపోయింది. మిగిలిన సమయంలో వేరే సంగతి చెప్పుకుందామని అనుమతి అడిగాను, సరేనన్నారు. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం పిల్లలు డాక్టరు సీటు కోసం రాసే పరీక్ష గురించి మాట్లాడతాను. ఈ హాల్లో ఆ పరీక్ష రాసినవాళ్ళు పది పదిహేను మందైనా ఉంటారు. పిల్లల చేత రాయించినవాళ్ళు అంతకు నాలుగింతలు. రాయబోయే పిల్లలు వెనక వరసల్లో కూర్చుని, ఈయన ఎప్పుడు ముగిస్తాడా, భోజనాలు ఎప్పుడా అని చూస్తున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళ ఉపాధ్యాయుల కోసం, మన సంఘం కార్యవర్గం కోసం.

ముందు కొంచెం చరిత్ర. ఈ పరీక్ష అనాదిగా ఉన్నదని మన పిల్లలు అనుకుంటారు. మన తాతల కాలంలో అలాంటిదేమీ లేదు. పీయూసీలోనో హయ్యర్ సెకండరీలోనో వచ్చిన మార్కుల్ని బట్టి సీట్లిచ్చేవారు. గుంటూరులో 1946లో పెట్టిన మెడికల్ కాలేజీ మనకు దగ్గర. అది కాకపోతే విశాఖపట్నం, కాకినాడ. 1970-71 విద్యా సంవత్సరానికి ప్రభుత్వం, యూనివర్సిటీ మార్కులు చాలవు, మేమే ఒక ప్రవేశ పరీక్ష పెడతాం అంది. మంచి మార్కులున్న విద్యార్థులు కోర్టుకెక్కారు. యూనివర్సిటీ పరీక్ష పాసైన మాకు మళ్ళీ ఇంకో పరీక్ష ఏమిటన్నారు. హైకోర్టు వాళ్ళ వైపు మొగ్గింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1971లో వచ్చిన ఆ తీర్పును లావు నరేంద్రనాథ్ కేసు అంటారు. కాలేజీల ఖర్చు భరించేది ప్రభుత్వం కాబట్టి, ఉన్న సీట్లకంటే అభ్యర్థులు ఎన్నోరెట్లు ఎక్కువైనప్పుడు, ఎవర్ని చేర్చుకోవాలో తేల్చుకోవడానికి సొంత పరీక్ష పెట్టుకునే అధికారం దానికి ఉందని కోర్టు తేల్చింది. ఇవాళ దేశమంతా రాస్తున్న నీట్ పరీక్ష మీద జరిగిన వాదనల్లో కూడా ఈ ప్రశ్నే తిరిగి తిరిగి వచ్చింది. బోర్డు పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడిని మళ్ళీ ఎందుకు పరీక్షించాలి? మన రాష్ట్రంలో యాభై ఏళ్ళ కిందటే అడిగిన ప్రశ్న అది.

ఆ తరవాత 1972 జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. ఈ హాల్లో నెరిసిన తలలున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. ఉద్యమం చల్లారాక 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెనకే 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల పేర్లతో మూడు ప్రాంతాలు చేశారు. ఒక్కో ప్రాంతంలో 85 శాతం సీట్లు అక్కడి స్థానికులకే. కృష్ణా జిల్లా ఆంధ్రా ప్రాంతంలో పడింది. పక్కనున్న ఖమ్మం, నల్గొండ జిల్లాలు ఉస్మానియా ప్రాంతంలో పడ్డాయి. ఆ గీత సరిగ్గా మన పొలాల గట్ల మీదుగా వెళ్ళింది. ఆ విషయానికి మళ్ళీ వస్తాను, నా ప్రసంగంలో అసలు సంగతి అదే.

1983లో క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది, విజయవాడలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం పెట్టింది కూడా ఆ సంవత్సరమే. ఇంజనీరింగు వాళ్ళకి, వ్యవసాయం వాళ్ళకి, మెడిసిన్ వాళ్ళకి కలిపి పెట్టిన పరీక్ష. ఎంబీబీఎస్‌కి, బీడీఎస్‌కి ఒకటే ర్యాంకు. అందుకే జనంలో ఒక మాట ఉంది, మెడిసిన్ రాకపోతే డెంటల్ అని. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, మొదట్లో కాస్త గుచ్చుకునేది.

నేను ఎంసెట్ రాసింది అది పెట్టిన తొలి సంవత్సరాల్లో. మే నెల ఎండలు. ముందురోజే విజయవాడ వెళ్ళి చుట్టాలింట్లో దిగాం. మా నాన్నగారు మిరపకాయల కళ్ళం వదిలి రావడం నాకు తెలిసి అదొక్కసారే. సెంటరు బయట వేపచెట్టు కింద మూడు గంటలు నిలబడి ఉన్నారు. లోపల నాలుగు జవాబుల్లో ఒకదాని గడిని పెన్సిలుతో నింపాలి. అంతవరకు మా బడిలోగాని, కాలేజీలోగాని అలాంటి కాగితం మేమెవ్వరం చూసి ఎరగం. పది మార్కుల వ్యాసం రాయమంటే రాసేవాళ్ళం, బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటే గుర్తించేవాళ్ళం. ఒక్క ప్రశ్నకి నిమిషంలోపు జవాబు తేల్చడం అనేది చదువులో భాగమని ఎవరూ మాకు చెప్పలేదు. నా పక్క బెంచీ అబ్బాయి బెజవాడ కోచింగులో అలాంటి పరీక్షలు చాలానే రాసి వచ్చినట్టున్నాడు. వాడు ఎదర ప్రశ్నలు చదవనైనా చదవకుండా పేజీ తిప్పుతున్నాడేమో అనిపించింది. నాకొచ్చిన ర్యాంకుకి హైదరాబాదు ప్రభుత్వ డెంటల్ కాలేజీలో సీటొచ్చింది. నా సంగతి అంతే, ఇక పిల్లల సంగతికి వస్తాను.

మొదట భాష. మన బడిలో పదో తరగతి వరకు తెలుగు మీడియం. మా నేచురల్ సైన్సు మాస్టారు బోర్డు మీద రంగు సుద్దలతో పన్ను బొమ్మ వేస్తే అది నిజం పన్నులా ఉండేది. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని నేర్పారు. మనిషి దంతసూత్రం 2123 అని పాటలా చెప్పించారు. తీరా డెంటల్ కాలేజీలో చేరాక మొదటి వారం ఇన్సైజర్, కేనైన్, ప్రీమోలార్, మోలార్ అంటుంటే, ఇవేవో కొత్త పళ్ళనుకున్నాను. నాలుగో రోజుకి అర్థమైంది, మాస్టారు వేసిన బొమ్మలోవే అని. అప్పటినుంచి నాకు దంతశాస్త్రం భయం పోయింది. చెప్పొచ్చేదేమిటంటే, తెలుగులో నేర్చుకున్న విషయం ఎక్కడికీ పోలేదు. దాని పేరు మారింది, అంతే. కానీ ఆ పేరు మారిందని తెలియడానికి పట్టే రోజులు పరీక్ష రాసే పిల్లవాడి దగ్గర ఉండవు.

2017 నుంచి నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు. సంతోషమే. అందులో ఒక మెలిక ఉంది, దాన్ని మన ఉపాధ్యాయులు తెలుసుకోవాలి. అనువాదంలో అనుమానం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికమని నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. అంటే తెలుగులో రాసే పిల్లకు కూడా ఇంగ్లీషు మాట తెలిసి ఉండాలి. అవటు గ్రంథి అంటే థైరాయిడ్, పీయూష గ్రంథి అంటే పిట్యూటరీ, క్లోమం అంటే పాంక్రియాస్, క్షయకరణ విభజన అంటే మియోసిస్, ద్రవ్యవేగం అంటే మొమెంటం. ఇటు ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లల బాధ వేరు. వాళ్ళకి పాంక్రియాస్ అన్న మాట వచ్చు, స్పెల్లింగూ వచ్చు. అది కడుపులో ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో అమ్మకు తెలుగులో చెప్పమంటే నోరు తెరవరు. మా ఆసుపత్రికి వచ్చే ఇంటర్ పిల్లల్ని నేను సరదాకి అడుగుతుంటాను. నూటికి నూరు మార్కులొచ్చిన అమ్మాయి కూడా కళ్ళు తేలేస్తుంది. రెండు పేర్లూ పక్కపక్కన తెలిసి, వస్తువు కళ్ళకు కట్టినవాళ్ళే ఈ పరీక్షలో నిలబడతారని నా నమ్మకం. దీనికి కోచింగు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచి గోడ మీద ఒక పట్టిక ఉంటే చాలు.

ఇప్పుడు గీత సంగతి. గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. కోదాడ బస్సెక్కితే జగ్గయ్యపేట వాళ్ళకి విజయవాడ కంటే ఎంతో దగ్గర. ఇటు మధిర, అటు కోదాడ మనకి పెళ్ళిసంబంధాల ఊళ్ళు, సంతల ఊళ్ళు, చదువుల ఊళ్ళు. అమ్మమ్మ గారింట్లో ఉండి చదువుకుంటాడని తొమ్మిదో తరగతికి పిల్లవాణ్ణి అటు పంపేవాళ్ళు బోలెడుమంది. అటువాళ్ళు ఇటు పంపడమూ అంతే. బడి మార్చినప్పుడు తండ్రి చూసేది బస్సు సౌకర్యం, ఫీజు, తిండి. ఆ రోజున ఆయన తన పిల్లవాడి డాక్టరు సీటు ఏ రాష్ట్రంలో ఉంటుందో కూడా తేలుస్తున్నాడని ఆయనకు తెలియదు.

నిబంధన క్లుప్తంగా చెబుతాను. రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, ఏ ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికుడు. అలా ఒకేచోట కుదరకపోతే చివరి ఏడేళ్ళు లెక్కపెట్టి, ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూసేవారు. రాష్ట్రం ఒకటిగా ఉన్నన్నాళ్ళూ ఇందులో పెద్ద చిక్కు రాలేదు. పదో తరగతి ఇక్కడ చదివి ఇంటర్ హైదరాబాదులో చదివిన మన పిల్లలు ఏడేళ్ళ లెక్కలో ఆంధ్రా ప్రాంతం వాళ్ళే అయ్యేవారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా పదేళ్ళపాటు పాత పద్ధతి సాగింది. 2024 జూన్ 2తో ఆ గడువు అయిపోయింది. ఆ జూలైలోనే తెలంగాణ ప్రభుత్వం, మా దగ్గర వరసగా నాలుగేళ్ళు చదివి ఇక్కడే ఇంటర్ పూర్తిచేసినవాళ్ళే మా స్థానికులు అని నిబంధన మార్చింది. కోర్టుల్లో వాదనలు జరిగి జరిగి, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఇది మన సరిహద్దు ఊళ్ళ మీద ఎలా పడుతుందో చూడండి. గరికపాడు అవతల ఊరి పిల్లవాడు జగ్గయ్యపేటలో పదో తరగతి చదివి, ఇంటర్‌కి ఖమ్మం వెళ్ళాడనుకోండి. పుట్టింది తెలంగాణ, పొలం తెలంగాణ, ఓటు తెలంగాణ. సీటు దగ్గర మాత్రం ఆ నాలుగేళ్ళ లెక్కలో రెండేళ్ళు తక్కువ. మన పిల్లవాడు తొమ్మిదినుంచి ఇంటర్ దాకా కోదాడలో చదివితే తిరిగి విజయవాడ కౌన్సెలింగులో స్థానికుణ్ణని చెప్పుకోవడం కష్టం. ఎవరి నిబంధన న్యాయం, ఎవరిది అన్యాయం అని నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ప్రతి రాష్ట్రం తన పిల్లల్ని చూసుకుంటుంది. నేననేది, గీత గీసేవాళ్ళకి సరిహద్దు ఊళ్ళంటూ ఉన్నాయన్న సంగతి గుర్తుండదు. గుర్తుంచుకోవలసింది మనమే. బడి మార్చేటప్పుడు, ఎనిమిదో తరగతి చివర్లో, హెడ్మాస్టరు గారి గదిలో ఎవరో ఒకరు ఆ తండ్రికి రెండు నిమిషాలు ఈ మాట చెప్పాలి. నిబంధనలు మళ్ళీ మారవచ్చు కూడా, కాబట్టి ఏ ఏటికి ఆ ఏడు ప్రాస్పెక్టస్ చదివి చెప్పాలి.

దీనికి తోడు కాగితాల గొడవ ఒకటుంది. కౌన్సెలింగుకి ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ప్రతి సంవత్సరానికీ స్టడీ సర్టిఫికెట్ ఉండాలి. నాకు తెలిసిన ఒక కుటుంబం, పేర్లూ ఊళ్ళూ వద్దు, వాళ్ళమ్మాయికి మంచి ర్యాంకే వచ్చింది. ఆరు, ఏడు తరగతులు చదివిన ప్రైవేటు బడి మూతపడింది. యజమాని ఎక్కడున్నాడో తెలియదు, రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నాయో తెలియదు. వాళ్ళ నాన్న పత్తి తీతల రోజుల్లో కూలీలను వదిలి పదిహేను రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరకు కాగితం దొరికింది. కౌన్సెలింగు తేదీకి ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకి దొరికింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతోంది. దొరక్కపోయుంటే ఆ పిల్ల చదివిన చదువు, చేసిన జాగారం అన్నీ ఒక అట్టముక్క లేనందుకు పోయేవి.

ఇప్పటి పరీక్ష గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. 2025 నుంచి 180 నిమిషాలు, అంటే ప్రశ్నకొక నిమిషం. సరైన జవాబుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. మన ఎంసెట్‌లో తప్పు జవాబుకి కోత ఉండేది కాదు, అందుకని తెలియనివాటికి కూడా ఏదో ఒక గడి నింపి వచ్చేవారు. నీట్ అలా కాదని పిల్లలు భయపడి చాలా వదిలేస్తున్నారు. లెక్క వేసి చూడండి. బొత్తిగా తెలియని ప్రశ్నకి గుడ్డిగా గడి నింపితే, నాలిగింట ఒకసారి నాలుగు వస్తాయి, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. సగటున ప్రశ్నకి పావు మార్కు లాభం, అదేమంత చెప్పుకోదగ్గది కాదు. కానీ నాలుగు జవాబుల్లో రెండు కచ్చితంగా తప్పని తెలిస్తే, మిగతా రెంటిలో ఒకటి ఎంచుకుంటే సగటున మార్కున్నర వస్తుంది. దాన్ని వదిలేయడం నష్టం. ఈ లెక్క మన లెక్కల మాస్టారు పదో తరగతి సంభావ్యత పాఠంలో ఒక్క గంటలో చెప్పగలరు. కార్పొరేట్ కాలేజీలో దీన్నే ప్రత్యేక తరగతి అని పెడతారు.

ఆ హాలుకి వెళ్ళడం కూడా ఒక పరీక్షే. పొడుగు చేతుల చొక్కా వద్దు, బూట్లు వద్దు, చెవిపోగులు తీయాలి. చిన్నప్పుడు కుట్టించిన పోగులు రాక ఏడుస్తున్న ఆడపిల్లల్ని గేటు దగ్గర చూశాను. 2024లో 23 లక్షల పైచిలుకు పిల్లలు రాశారు. ఆ ఏడాది పేపరు బయటికి వచ్చిందని గొడవైంది. మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరణ తరవాత అది 17కి తగ్గింది. సుప్రీంకోర్టు మళ్ళీ పరీక్ష అక్కర్లేదంది. తెలంగాణలో 2016లో ఎంసెట్ రెండోసారి పెడితే ఆ పేపరు లీకై మూడోసారి పెట్టారు. పిల్లలు ఒకే ఏడాదిలో మళ్ళీ మళ్ళీ రాశారు. ఎవరో పెద్దవాళ్ళు చేసిన తప్పుకి పదిహేడేళ్ళ పిల్లలు మళ్ళీ మొదటి పాఠం తెరవడం నాకెప్పుడూ మింగుడుపడదు.

నా వృత్తిలో ఒక విషయం కనబడుతుంది. సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి మే వరకు ఇంటర్ పిల్లలు, లాంగ్ టర్మ్ పిల్లలు దవడ నొప్పని వస్తారు. పొద్దున్నే నోరు తెరవలేకపోతున్నాం అంటారు. చూస్తే పళ్ళ అంచులు అరిగి ఉంటాయి. రాత్రి నిద్రలో పళ్ళు నూరుకుంటున్నారన్నమాట. హాస్టల్లో పక్కమంచం వాడు చెబితేగాని వాళ్ళకి తెలియదు. నేను నైట్ గార్డ్ అనే తొడుగు ఇస్తాను, మెత్తని తిండి తినమంటాను, వేడి కాపడం పెట్టమంటాను. అసలు మందు ఏమిటో నాకూ తెలుసు, వెంట వచ్చిన తల్లికీ తెలుసు. మే మొదటి ఆదివారం దాటితే వీళ్ళలో చాలామందికి నొప్పి దానంతటదే తగ్గుతుంది. కొందరికి తగ్గదు, ఎందుకంటే మళ్ళీ ఏడాది లాంగ్ టర్మ్ మొదలవుతుంది. మూడోసారి రాస్తున్న ఒక అబ్బాయి, రైతు బిడ్డ, నా కుర్చీలో కూర్చుని అన్నాడు: “సార్, మా నాన్న ఎకరం కౌలుకిచ్చాడు నాకోసం. రాకపోతే ఆయనకి ఏం చెప్పను?” నోట్లో అద్దం ఉండగా అన్నాడు ఆ మాట, సగం అర్థమయీ కాకుండా. ఇలాంటి పిల్లల విషయంలో ఇంట్లో ఒక్కరైనా, రాకపోయినా పరవాలేదురా అని నోరు తెరిచి చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు. నిద్ర పట్టని, తిండి తినని పిల్లవాడిని డాక్టరుకి చూపించడానికి సిగ్గుపడొద్దు.

ఇంతకీ ఈ పరీక్ష కొలిచేదేమిటి? జ్ఞాపకం, వేగం, ఓర్పు. ఇవి డాక్టరుకి అవసరమే. కానీ అవే సరిపోవు. డెంటల్ కాలేజీలో మొదటి ఏడాది మైనపు ముద్ద చేతికిచ్చి పన్ను చెక్కమంటారు. మా బ్యాచిలో నాకంటే ఎంతో పై ర్యాంకు వచ్చినవాళ్ళు మైనాన్ని ముక్కలు చేసుకుని తలపట్టుకున్నారు. మా తాత పగ్గాలు పేనేవాడు, నాగలి చెక్కకి తొలి వేసేవాడు, ఆయన పక్కన కూర్చుని చూసిన చేతులు నావి. నా చేతిలో చర్వణకం త్వరగానే తయారైంది. అమెరికాలో ఒకప్పుడు దంతవైద్య ప్రవేశ పరీక్షలో సుద్దముక్క చెక్కమనేవారు. 1972 ప్రాంతంలో దాన్ని తీసేసి, బొమ్మలు చూసి ఆకారాలు పోల్చుకునే పరీక్ష పెట్టారు. కెనడాలో సబ్బుబిళ్ళ చెక్కించడం ఇంకా చాలాకాలం సాగింది. మనదేశంలో చేతుల్ని ఎవరూ పరీక్షించలేదు.

ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పూర్వ విద్యార్థుల పిల్లలు యూక్యాట్ అనే పరీక్ష రాస్తారు. 2006లో ఇంగ్లండులో మొదలైంది, మెడిసిన్‌కి, డెంటల్‌కి కూడా. అందులో ఫిజిక్సు లేదు, బయాలజీ లేదు. ఒక పేరా ఇచ్చి అందులోంచి ఏది తేలుతుందో చెప్పమంటారు, 44 ప్రశ్నలకి 22 నిమిషాలు. కొన్ని లెక్కలు, కొంత తర్కం. చివర్లో 69 ప్రశ్నలు నడవడిక మీద. తోటి విద్యార్థి రోగి వివరాలు బస్సులో గట్టిగా మాట్లాడుతుంటే నువ్వేం చేస్తావు, అలాంటివి. మెల్‌బోర్న్‌లో ఉన్న మా సహాధ్యాయి కూతురు ఇది రాసింది. వాడు ఫోనులో, ఒరేయ్, దీనికి చదవడానికి పుస్తకమే లేదురా, అని బెంగపడ్డాడు. రెండు నెలలయ్యాక, కోచింగు సెంటరు దొరికిందని చెప్పాడు. మనవాళ్ళు మనవాళ్ళే.

అలాంటి పరీక్ష మనకూ వస్తే బాగుండునని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా అనలేను. అరనిమిషంలో ఇంగ్లీషు పేరా చదివి తేల్చేయమంటే, వత్సవాయి నుంచో చందర్లపాడు నుంచో వచ్చిన తెలుగు మీడియం పిల్ల ఏమైపోతుంది? పాఠ్యపుస్తకం మీద పెట్టే పరీక్షలో ఒక గుణం ఉంది, పుస్తకం అందరికీ ఒకటే. లైబ్రరీలోదైనా, పాతదైనా, అదే పుస్తకం. కష్టపడితే అందుతుందన్న ఆశ ఉంది. నడవడిక ప్రశ్నలు మాత్రం మన బడిలో ఎవరూ అడ్డుపెట్టకుండానే అడగవచ్చు. నీతి పిరియడ్‌లో.

ఇక మన సంఘం చేయగలిగినది. నిధిలో కొంత సొమ్ముందని కోశాధికారి గారు ఇందాక చెప్పారు. సీటొచ్చినవాళ్ళకి నగదు బహుమతి, శాలువా, ఫ్లెక్సీ అని ప్రతిపాదన ఉంది. సీటొచ్చిన పిల్లకి మన శాలువా అక్కర్లేదండి. ఆమెకి ఆ వేసవిలో చాలా శాలువాలే వస్తాయి. అదే డబ్బు పెట్టి, తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఏడాదికి రెండుసార్లు నిజం ఓఎంఆర్ కాగితం మీద పరీక్ష రాయిద్దాం. నల్ల బాల్‌పెన్నుతో గడి నింపడం ఎలాగో పదో తరగతికే చేతికి రావాలి. గోడ మీద తెలుగు, ఇంగ్లీషు మాటల పట్టిక మన సైన్సు ఉపాధ్యాయులు తయారుచేస్తే, అచ్చువేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఎంబీబీఎస్ ఒక్కటే చదువు కాదని చెప్పే మనిషిని ఏడాదికొకరిని పిలుద్దాం. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, మన పాడిరైతులకి అక్కడ చదివినవాళ్ళే కావాలి. నర్సింగు, ఫిజియోథెరపీ చదివిన మన అమ్మాయిలు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళకంటే బాగా చెప్పేవాళ్ళు ఎవరున్నారు? నల్గొండ వైపునుంచి ఫ్లోరైడ్ మచ్చల పళ్ళతో వచ్చేవాళ్ళని రోజూ చూస్తుంటాను. ఎ.కొండూరు వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీరు పేపర్లలో చదివారు. ఈ మెట్టకి అన్నిరకాల వైద్యం చదివినవాళ్ళూ కావాలి.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. నిన్న సాయంత్రం హెడ్మాస్టరు గారి అనుమతితో బడి ఆఫీసు గదిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూశాను. కొన్నింటికి చెదలు పట్టాయి. కొన్ని పేజీల్లో సిరా వెలిసి తేదీలు కనబడటం లేదు. ఆ పేజీల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. వాళ్ళ పిల్లలు కూడా ఇదే బడిలో చదువుతున్నారు, వాళ్ళ పేర్లు కొత్త రిజిస్టర్లలో ఉన్నాయి. కొత్తవీ అదే బీరువాలో, అదే గోడ చెమ్మలో ఉన్నాయి. ప్రతి పేజీ ఫొటో తీసి కంప్యూటరులో పెట్టాలి, రిజిస్టర్లకి అట్టలు కట్టించాలి, ఒక ఇనుప బీరువా కొనాలి. స్టడీ సర్టిఫికెట్ అడిగిన రోజునే ఇచ్చేలా చూడాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కంప్యూటరు పని చేసి పెడతామని హైదరాబాదు నుంచి వచ్చిన మన తమ్ముళ్ళు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు. చేతిరాత చదవడానికి పాత మాస్టర్ల సాయం కావాలి, ఎవరి దస్తూరీ ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది. భోజనాలయ్యాక, రెండున్నరకి, ఆఫీసు గది తలుపు తీసి ఉంచుతామన్నారు హెడ్మాస్టరు గారు. వీలున్నవాళ్ళు కళ్ళజోళ్ళు తెచ్చుకుని రండి.